గెలుస్తుందని నేనన్న గుర్రం

శ్రీరాంపూర్‌లో మాకు తెలిసిన గుర్రం ఒక్కటే, బారాత్ గుర్రం. పెళ్లికొడుకులను మోసి మోసి దాని నడుము ఉయ్యాలలా కిందికి దిగిపోయింది. వయసెంతో యజమానికే తెలియదు. నా పెళ్లికి నన్ను మోసింది అదే. మా బాపు పెళ్లికి ఆయన్ను మోసిందీ అదేనని నా అనుమానం. బ్యాండు ఎంత గట్టిగా మోగితే అంత గాఢంగా నిద్రపోయేది. నా బారాత్ మొత్తం అది నిద్రలోనే నడిచింది.

ఆ ఒక్క గుర్రాన్ని చూసిన అనుభవంతో నేను పట్నంలో పరుగెత్తే గుర్రాల భవిష్యత్తు చెప్పే పెద్దమనిషినయ్యాను.

నేను బొగ్గు బాయి మీద ల్యాంప్ రూమ్‌లో పనిచేస్తాను. బాయి అంటే మా దగ్గర గని. లోపలికి దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే లైట్లకు ఛార్జింగ్ పెట్టి, కిటికీలోంచి ఒక్కొక్కరికి అందించడం నా ఉద్యోగం. ఒక షిఫ్టు దిగిపోయాక ఇంకో షిఫ్టు వచ్చేదాకా నాకు పనుండదు. అంత తీరిక ఉన్న మనిషి చెడిపోవడానికి చాలా దారులుంటాయి. నాకు దొరికిన దారి పేపర్లో ఆటల పేజీ అడుగున అచ్చయ్యే రేసు పట్టిక. ఆ అక్షరాలు ఎంత సన్నవంటే, చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదవాలి. నేను ల్యాంప్ రూమ్ లైటు ఒకటి నెత్తికి కట్టుకుని, పట్టపగలు బొగ్గు తవ్వినట్టు ఆ పట్టికను తవ్వేవాణ్ని.

తవ్విందంతా బాయి గేటు ముందరి చాయ్ హోటల్లో కుప్ప పోసేవాణ్ని. హోటలాయనది ఆదిలాబాద్. మాట మాటకూ మరాఠీ కలుపుతాడు, అందరినీ భావూ అంటాడు, వాళ్ల భాషలో అన్నా అని. చిన్నప్పుడు ఎడ్ల పందేలు చూశాడు కాబట్టి, భూమ్మీద పరుగెత్తే ప్రతి జంతువు మీదా తనకు అధికారం ఉందనుకుంటాడు.

నా పక్కన కూర్చునేది మా బావ. నిజానికి ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. మా క్వార్టర్‌కూ ఆయన క్వార్టర్‌కూ మధ్య ఉన్నది ఒక్క పెరటి గోడ. ఆయన భార్య మంథని దిక్కు నుంచి కాపురానికి వచ్చిన మొదటి రోజే ఆ గోడ మీదుగా తల పెట్టి, "అన్నా, జర చింతపండుంటే ఇయ్యి" అంది. చింతపండు అటు పోయింది, చెల్లె ఇటు వచ్చింది. చెల్లె వెంట బావ వచ్చాడు.

బావ హాలర్ నడుపుతాడు. బొగ్గు నింపిన డబ్బాలను ఇనుప తాడుతో బాయిలోంచి పైకి లాగే యంత్రం అది. ఎక్కడో లోపల చీకట్లో, కంటికి కనిపించని మనిషి కొట్టే గంట విని తాడు లాగాలి, గంట విని ఆపాలి. తప్పు విన్నాడంటే తాడు చివర మనుషులుంటారు. అందుకే ఆయనకు సైగలంటే ప్రాణం. బల్లి అరిచినా, చాయ్ మీద నురుగు ఒక పక్కకే చేరినా, ఎవరో గంట కొట్టినట్టు ఆగిపోతాడు. ఆదివారం పొద్దున మెథడిస్టు చర్చికి పోయి, అక్కణ్నుంచి నేరుగా హోటల్‌కు వచ్చేవాడు.

"లోపల దేవునికి జెప్పుకుంటడు, బయటికొచ్చి గుర్రానికి జెప్పుకుంటడు. ఇద్దర్ల ఎవరికి ఎక్కువ దండం వెడుతుండో దేవునికే ఎర్క" అనేది చెల్లె. ఆమె చర్చి పాటల జట్టులో ముందు వరస. ఆమె గొంతు పై స్థాయికి పోయిందంటే, గోదావరి అవతల బస్సు డ్రైవర్లు హారన్ అనుకుని పక్కకు తప్పుకునేవారు.

మా దగ్గర పందెమంటే చాయే. ఓడినవాడు అందరికీ పోయించాలి. అయినా నేను పట్నంలో బంగళాలు చేతులు మారుతున్నంత గంభీరంగా చెప్పేవాణ్ని. ఏ గుర్రం వయసెంత, కిందటిసారి ఎన్నో స్థానంలో వచ్చింది, ఎక్కే జాకీ ఎవరు, వాన పడితే మెత్తటి నేల మీద దాని కాళ్లు ఎలా పడతాయి, అంతా చెప్పేవాణ్ని. గెలిచిన గుర్రానికి తర్వాతి పందెంలో మోసే బరువు పెంచుతారని చెప్పిన రోజు హోటల్లో అందరూ చాయ్ గ్లాసులు కింద పెట్టేశారు.

"గిదేందే! మన బాయి లెక్కనే ఉన్నది గదా" అన్నాడు బావ. "ఎవడు మంచిగ జేస్తే వాని నెత్తినే ఇంకింత పని. పాపం, గుర్రానికి యూనియన్ లేదా?"

ఇంత జ్ఞానంతో నేను ఎంచిన గుర్రాలు ఎలా పరుగెత్తాయో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఒకటి గేటు తెరుచుకున్నాక కూడా లోపలే నిలబడి, మిగతావాటిని సాగనంపింది. ఒకటి జాకీని మొదటి మలుపులోనే దింపేసి, ఒంటరిగా, హాయిగా తిరిగొచ్చింది. ఇంకొకటి అన్నిటికంటే ముందు పరుగెత్తి, గెలుపు గీత ఒక తోకంత దూరంలో ఉందనగా నెమ్మదించి, పక్కదానికి దారిచ్చింది. అంత మర్యాద నేను మనుషుల్లో చూడలేదు. హోటలాయన ఫోన్‌లో పందెం చూపిస్తూ, "భావూ, నీ గుర్రం ఏదీ?" అని అడిగేవాడు. ఫోన్ తెరలో పట్టనంత వెనక ఉండేది.

ఒక రోజు అలాగే అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. గంట విన్న ముఖం పెట్టాడు.

"ఆగుర్రి. గీయన గుర్రం గెలుస్తలేదని నవ్వుతున్నరు గని, ఒక్కసారన్న తప్పిందా? గెలుస్తదన్నది గెలువలే. ఓడుతదన్నది ఓడలే. గింత పక్కాగ ఉల్టా జెప్పేటోడు దేశంల ఎవడున్నడు?"

ఆ మాటతో నా బతుకు నా చేతుల్లోంచి పోయింది.

మొదట్లో గుర్రాల వరకే. నేను ఎంచిన గుర్రాన్ని కొట్టేసి మిగతావాటిలో పందెం వేసుకునేవారు. తర్వాత ఎండాకాలంలో మిరపకాయలు ఆరబోసుకున్న ఆడవాళ్లు మా గుమ్మం ముందుకు వచ్చారు. "అన్నా, ఇయ్యాల వాన కొడుతదని ఒక్క మాటను" అని. అన్నాను. మబ్బు విడిపోయింది. ఎండాకాలంలో మబ్బు విడిపోక ఏంచేస్తుంది అని అరిచాను, ఎవరూ వినలేదు. యూనియన్ ఎన్నికలప్పుడు ఒక నాయకుడు పూలదండతో వచ్చి, నా మెళ్లో వేసి, "నేను ఘోరంగ ఓడిపోతనని జర గట్టిగ జెప్పన్నా, గేటు కాడ అందరు వినాలె" అన్నాడు. వద్దన్నకొద్దీ నన్ను నమ్మారు. నాకేమీ తెలియదని చెబితే, నేను చెప్పింది ఉల్టా అవుతుంది కాబట్టి నాకు అన్నీ తెలుసని అర్థం చేసుకున్నారు. ఇంట్లో నా భార్య కూడా అన్నం ఉడికిందా అని నన్ను అడగడం మానేసింది.

అప్పుడు చెల్లె మెడ కింద గడ్డ కనిపించింది.

ముందు అది ఉసిరికాయంత ఉంది. నేను దేన్నైనా పెంచి చెప్పే మనిషిని. దీన్ని మాత్రం పెంచను. ఉసిరికాయంతే. మంచిర్యాలలో చూసి కరీంనగర్ పొమ్మన్నారు. కరీంనగర్‌లో సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. సోమవారం రమ్మన్నారు.

ఆ నడుమ దినాల్లో మా క్వార్టర్లలో ఒక వింత జరిగింది. బావ ఇంటింటికీ తిరిగి చెప్పాడు: "మా ఆమెకు మంచిగైతదని ఎవ్వరు అనకుర్రి. నడుమ ఒక్కటే గోడ. మీరంటరు, అవుతల మా బావ విని 'ఔ' అంటడు. అయిపాయె ఇగ." పాస్టర్ వచ్చి ప్రార్థన చేస్తానంటే బావ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. అడుగుడు వేరు, అనుడు వేరు అట. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు చాయ్ తాగి, చెల్లె ముఖం చూసి, నోటిదాకా వచ్చిన మంచి మాటను బిస్కెట్‌తో పాటు మింగి, "ఏందో పో" అని లేచిపోయేవారు. ప్రేమ ఎక్కువున్నవాళ్లు నాకు వినపడేలా గోడ వైపు తిరిగి, "ఇగ కష్టమేనట" అని కూడా అనేవారు.

నేను మా పెరట్లో బట్టలు ఆరేసే తీగ కింద నిలబడి, చెవులు మూసుకుందామా, నోరు మూసుకుందామా అని చూసేవాణ్ని. ఉన్నవి రెండే చేతులు.

ఆదివారం చర్చి వదిలాక బావ హోటల్‌కు వచ్చాడు. ఎప్పటిలాగే పేపరు నా ముందు పరిచాడు. మర్నాటి పందేల పట్టిక. పట్నంలో వాన పడుతోంది. నాకు ఏదో ఒకటి మాట్లాడటం కావాలి, అందుకే నా జన్మలో చెప్పనంత వివరంగా చెప్పాను. మొదటి పందెంలో తెల్ల గుర్రం. తడి నేల మీద దానికి తిరుగులేదు. రెండో పందెంలో ముసలిది. బరువెక్కువే కాని దాని జాకీ తొందరపడే మనిషి కాదు. మూడో పందెంలో నల్లది. ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదు. కాని కిందటిసారి వెనక నుంచి వచ్చి వచ్చి, అందుకుంటుందనగా నేల అయిపోయింది. రేపు దూరం ఎక్కువ, మోసే బరువు తక్కువ. గెలుస్తుంది.

బావ పేపరు మడతపెట్టాడు.

"గా గుర్రాలను పక్కకు వెట్టు బావా. ఒక్కటి జెప్పు."

"ఏంది?"

"నీ చెల్లె సంగతి. బతుకదని జెప్పు."

హోటలాయన చాయ్ వడపోస్తూ ఆగిపోయాడు. చాయ్ గ్లాసు నిండి, పొర్లి, పొయ్యిలోకి పోతున్నా చూసుకోలేదు.

"నాకు రాదు బావా గా మాట" అన్నాను.

"గుర్రాలకు అస్తది, మిరపకాయలకు అస్తది, నీ చెల్లెకు రాదా? ఒక్క మాటనే. నీదేం పోతది?"

"బోల్ నా భావూ" అన్నాడు హోటలాయన మెల్లగా. "మంచికే గదా."

నా నాలుక గురించి మా ఊళ్లో అందరికీ తెలుసు. అది నిద్రలో కూడా కదులుతుందని నా భార్య సాక్ష్యం చెబుతుంది. ఆ రోజు అది దవడ పన్ను వెనక ఎక్కడో నక్కింది. ఎంత వెతికినా దొరకలేదు. చివరికి "ఏమో" అన్నాను.

"ఏమో లెక్కకు రాదు. పోనీ, మనసుల అనుకో. అనుకునుడుకు నోరెందుకు?" బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇనుప తాళ్లు పట్టిన చెయ్యి. "రేపు బస్సుల మా ఎంబటి రా. తొవ్వ పొడుగునా గదే అనుకో."

సోమవారం బస్సులో వాళ్లిద్దరూ ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఇదంతా వట్టిదని నాకు తెలుసు. నేను చదువుకున్నవాణ్ని. మబ్బు ఎందుకు విడిపోతుందో, గుర్రం ఎందుకు ఓడుతుందో విడమరిచి చెప్పగలను. అయినా బస్సు మంచిర్యాల దాటేసరికి నేను ఆశ పడకుండా ఉండటానికి కిందా మీదా పడుతున్నాను. ఆమెకు ఏమీ కాదు అన్న ఊహ రాగానే దాన్ని తలుపులోంచి బయటికి తోసేవాణ్ని. అది కిటికీలోంచి ఎక్కేది. గోదావరి వంతెన మీద అందరూ దండం పెట్టారు. నా చేతులూ వాటంతటవే లేచాయి. "చెల్లెను సల్లగ" అని సగం అనుకుని, అంతలో గుర్తొచ్చి చేతులు కిందికి లాక్కున్నాను. ఆ సగం మాటకు గోదావరి ఏమర్థం చేసుకుందో నాకు తెలియదు. పెద్దపల్లి దాకా చెమటలు పట్టాయి.

ఆసుపత్రిలో డాక్టర్ భోజనం చేసి వస్తాడన్నారు. వరండాలో బెంచీ మీద చెల్లె నడుమ, మేమిద్దరం చెరో పక్క. ఆమె చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. మా ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"మీ ఇద్దర్ల రోగం ఎవరికో జర జెప్పుర్రి. అవుతలోళ్లు పరేషాన్ అయితున్నరు."

మేము నవ్వలేదు.

"అన్నా, నువ్వేమంటవ్?"

"బావను అడుగు" అన్నాను.

"ఆయన్నెందుకు అడుగుత? ఇంటిల ఆయనతోనే ఏగుతున్న. నిన్నే అడుగుతున్న. నాకేమైతది?"

"అనకు బావా" అన్నాడు బావ ఇటు తిరిగి. "నీ కాళ్లు మొక్కుత."

"నువ్వు సప్పుడు జేయకు" అంది ఆమె ఆయనతో. తర్వాత నా వైపు తిరిగింది. గొంతు దించింది. గోదావరి దాటే ఆ గొంతు, బెంచీ కూడా దాటలేదు. "అన్నా, ఇన్ని దినాలాయె. ఒక్కలంటే ఒక్కలు నాకు మంచిగైతదని అనలే. చుట్టాలనలే, పక్కింటోళ్లనలే, కట్టుకున్నోడనలే. నేను సచ్చినంక పెట్టాల్సిన మొకాలు ఇప్పుడే పెట్టుకోని వస్తున్నరు. మీ లెక్కలు మీకే ఉండనీ. లోపల డాక్టర్ ఏమన్న అననీ. దానికి ముంగట ఒక్క మంచి మాట విని పోత. నువ్వన్న అనవా?"

ఒక పక్క ఆమె కళ్లు. ఇంకో పక్క దండం పెడుతున్న ఆయన చేతులు. ఆ మాట అంటే ఆయన లెక్కలో ఆమెను నేనే చంపినట్టు. అనకపోతే ఆమె లోపలికి ఖాళీ చేతులతో పోతుంది. లేచి పారిపోదామంటే, ఆ వరండాకు అవతలి కొస కనిపించలేదు. ఆ రోజు అది ఆదిలాబాద్ దాకా ఉందని ఇప్పటికీ నా నమ్మకం.

"మంచిగైతది చెల్లె" అన్నాను.

ఆమె తల ఊపి, కొంగు సర్దుకుని, "గింతేనా! దీనికి ఇంత బతిమాలించుకుంటవా" అంది. ముక్కు తుడుచుకుంది.

బావ బెంచీ మీంచి జారి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. తాడు తెగిన శబ్దం విన్నవాడిలా వరండా గచ్చును చూస్తున్నాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. హోటలాయన. ఆయన అరుపుకు ఫోన్ అవసరం లేదు. శ్రీరాంపూర్ నుంచి నేరుగా వినపడి ఉండేది.

"భావూ! గెలిచింది! మూడో పందెం! నీ నల్లది! ఎనక నుంచి వచ్చి వచ్చి అందరినీ దాటింది! హోటల్ మొత్తం లేచి నిలవడ్డది భావూ!"

బావ నేల మీంచి లేచాడు. అంత పెద్ద మనిషి అంత తేలిగ్గా లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఏమన్నడు? గెలిచిందా? నువ్వన్నదే?" నా భుజాలు పట్టి ఊపాడు. "నువ్వు గెలుస్తదన్నది గెలిచిందా?"

"గెలిచిందట."

"అయితే మళ్లను! ఇంకోపారి అను బావా! గట్టిగను! మంచిగైతదని అను!"

నేను అన్నాను. ఆయన అనమన్నన్ని సార్లు అన్నాను. వరండాలో ఎవరికి ఏ జబ్బుందో తెలియకుండానే వాళ్లకీ మంచిగైతదని అన్నాను. ఒక ముసలాయన లేచి నాకు దండం పెట్టాడు. చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "ఆ గుర్రానికి నా తరఫున ఇంత గడ్డెయ్యమను" అంది. అప్పుడు నర్సు వచ్చి పిలిచింది.

వాళ్లిద్దరూ లోపలికి పోయారు. బావ గుమ్మంలో వెనక్కి తిరిగి, నాకు బొటనవేలు చూపించాడు.

బయటికి వచ్చేసరికి ఆ చెయ్యి ఫైలు పట్టుకుని ఉంది. చెప్పనక్కర్లేకపోయింది. గడ్డ చెడ్డదే. ఆపరేషన్ చేయాలి, తర్వాత మందు ఎక్కించాలి, ఒకసారితో అయ్యేది కాదు, ఎన్నిసార్లో, తర్వాత ఏమవుతుందో చూడాలి అన్నారట. బావ నా ముందు నిలబడ్డాడు. తిట్టలేదు.

"గుర్రాల కాడనే కలిసొచ్చింది బావా" అన్నాడు. అంతే.

నేను దాని గురించి చాలా ఆలోచించాను, ఆలోచించకూడదని తెలిసి కూడా. నా నోటి నుంచి వచ్చే మాటల్లో నిజం కావడానికి ఒక్కటే రాసిపెట్టి ఉంటే, దాన్ని తీసుకుపోయి ఒక నల్ల గుర్రానికి ఖర్చుపెట్టాను. అదీ చాయ్ కోసం.

ఇప్పుడు నేను పట్టిక చదవడం లేదు. హోటలాయన పేపరు పరుస్తాడు, నేను మడతపెడతాను. బావ హోటల్‌కు రావడం లేదు. నాతో మాట్లాడతాడు, వాన గురించి, షిఫ్టు గురించి. రాబోయే దినాల గురించి నేను నోరు తెరవబోతే, పని గుర్తొచ్చినట్టు లేచిపోతాడు.

మందు ఎక్కించే రోజు పొద్దున బావ బండి బయటికి తీస్తాడు. మంచిర్యాల బస్టాండ్ దాకా దాని మీద, అక్కణ్నుంచి బస్సు. చెల్లె తలకు రుమాలు కట్టుకుని గోడ దగ్గరికి వస్తుంది. మొదటిసారి రుమాలు కట్టినప్పుడు, "బారాత్ గుర్రానికి నాకంటే ఎక్కువ జుట్టున్నదన్నా" అంది. నవ్వడానికి నాకు చాలాసేపు పట్టింది.

"అన్నా, ఏమంటవ్?" అంటుంది ప్రతిసారీ.

ఆమె ఆ మాట అనగానే బావ బండి మీద కూర్చుని యాక్సిలరేటర్ తిప్పుతాడు. నా మాట ఆయనకు వినపడకూడదు, ఎవరికీ వినపడకూడదు, గాలికి కూడా. ఆ పాత బండి మోతకు వీధిలో కుక్కలు లేస్తాయి, క్వార్టర్ల కిటికీలు దడదడలాడతాయి, పొగలో మా పెరడు కనిపించకుండా పోతుంది. నేను ఆ మోతలో "మంచిగైతది చెల్లె" అంటాను.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని గోడ మీదికి వంగుతుంది.

"వినవడుతలేదన్నా! జర గట్టిగను!"

అటు బావ ఇంకొంచెం తిప్పుతాడు. ఇటు నేను ఇంకొంచెం గట్టిగా అంటాను.